బరువైన పింగాణి పొయ్యిని తరలించుట

ఇల్లు మారువారికి బరువైన వస్తువులతోడి చిక్కు క్రొత్త కాదు. బీరువాను నలుగురు పట్టి దించవచ్చును. రోలును దొర్లించుకొని పోవచ్చును. కాని రోలువలె బరువును, కుండవలె పగులు స్వభావమును ఒక్కచోట గల వస్తువు ఇంటనున్నయెడల దానిని కదల్చుట ఎట్లు? అమెరికాలో జార్జియా రాష్ట్రమున, అట్లాంటా నగరమునకు చేరువనున్న మా యింట అట్టి వస్తువొకటి కలదు. అది గ్రుడ్డు ఆకారపు పింగాణి పొయ్యి. దానితో మేము రెండుమారులు ఇల్లు మారితిమి. మొదటిమారు ఏమియు తెలియక కదల్చితిమి. రెండవమారు తెలిసికొని కదల్చితిమి.

ఈ పొయ్యికి జపాను భాషలో కమాడో అని పేరు. ఆ మాటకు పొయ్యి యనియే అర్థము. ఆ దేశపు ఇండ్లలో అన్నము వండుకొను మట్టిపొయ్యిలు శతాబ్దములుగా నుండెడివి. నింతొకు అను చక్రవర్తి మిట్టపైనుండి చూచి, ప్రజల పొయ్యిలనుండి పొగ లేవకుండుట గమనించి, మూడు సంవత్సరములు పన్నులు మాన్పించెనని వారి ప్రాచీనగాథ. పొయ్యిలో పిల్లి లేవలేదను మాట మనకును కలదు గదా! రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప జపానులోనుండిన అమెరికా సైనికులు మూతగల గుండ్రని మట్టిపొయ్యిలను చూచి ముచ్చటపడి, తమ దేశమునకు తెచ్చుకొనిరి. అన్నమునకు బదులు వాటిలో మాంసము కాల్చుకొనిరి. 1974లో ఎడ్ ఫిషర్ అనునాతడు అట్లాంటాలో ఈ పొయ్యిల అంగడి తెరచెను. మట్టివి పగులుచుండుటచే, క్రమముగా వేడికి ఓర్చు పింగాణితో చేయించి, ఆకుపచ్చ రంగున ‘బిగ్ గ్రీన్ ఎగ్’ అను పేర అమ్మజొచ్చెను. నేడు ఇట్టి పొయ్యిలను చేయు సంస్థలు పెక్కు కలవు.

దళసరి గోడలే దీని గుణము, దీని బరువునకు కారణము కూడ. గోడలు వేడిని పట్టియుంచును. క్రిందనొకటి, పైననొకటి గల గాలిద్వారములు నిప్పును అదుపులో నుంచును. ద్వారములను కొంచెముగా తెరచిన మంద్రమైన సెగపై గంటల తరబడి కాగును. పూర్తిగా తెరచిన తందూరువలె మండును. అమెరికావారు దీనిలో మాంసమును రేయెల్ల మగ్గబెట్టుదురు. మేము మొక్కజొన్న పొత్తులు, కోడి కాల్చుకొందుము. గ్యాసుపై కాల్చిన వంకాయకు ఈ బొగ్గుల కమ్మదనము రాదని, పచ్చడి విషయమున మా అత్తగారి తీర్పు. అందుచే ఇల్లు మారినప్పుడు దీనిని అమ్మివేయుదమన్న మాట మా యింట చెల్లలేదు.

మా పొయ్యి 70 కిలోలకు పైబడి తూగును. దానికంటె పెద్దరకము 100 కిలోల దరిదాపున ఉండును. మొదటిమారు మేము దీనిని విప్పకయే, చక్రముల పీటపై నిలిపి, వాకిలినుండి బండివరకు వెనుకనుండి నెట్టితిమి. సిమెంటు పలకల నడుమ సందొకటి యున్నది. ముందుచక్రము అందు దిగి ఆగెను. పైనున్న బరువు మాత్రము ఆగలేదు. పొయ్యి ముందునకు ఒరుగుట చూచి మా బావగారు దానిని ఆపుటకై కాలు చాచిరి. “వదలండి బావగారూ!” అని కేకవేసితిమి. ఆయన పాదము వెనుకకు తీసినచోటనే పింగాణి అంచు వచ్చి తగిలెను. మూత అంచున అరచేయి వెడల్పు పెంకు ఎగిరిపోయెను. క్రొత్త మూతకు ఎంతయైనది చెప్పుట అనవసరము. పాదమునకు క్రొత్తది దొరకదు గనుక ఆ ఖర్చును గూర్చి మా యింట నెవ్వరును గొణగలేదు.

చక్రములపై నున్న ఈ పొయ్యిని నెట్టరాదు; లాగవలెను. నెట్టునప్పుడు ముందుచక్రము దేనికైన అడ్డుపడిన, ఎత్తుననున్న బరువంతయు తలక్రిందగును. చదునైన నేలపై నెమ్మదిగా, ఇద్దరు మనుష్యులుండి లాగుటయే క్షేమము. మెట్లు, గతుకులు, వాహనము ఎక్కించుట మొదలగునవి యున్నచో విప్పక తప్పదు. పడుచున్న దానిని పట్టబోక తొలగి నిలువవలెనని తోడివారికి పని మొదలు పెట్టకమునుపే చెప్పవలెను.

రెండవమారు ఒకరోజు ముందుగనే నిప్పు మానితిమి. గాలిద్వారములు మూసిన నిప్పు తనంత తానే ఆరును. కాని బూడిద క్రింద కణికలు చాలసేపు దాగియుండును. తొందరపడి నీళ్లు చల్లరాదు. వేడి పింగాణి బీటలువారును. మరునాడు చేయి పెట్టి చూచి, చల్లబడినదని నిశ్చయించుకొని, బూడిదను మూతగల ఇనుపబాల్చీలోనికి ఎత్తితిమి. తరువాత కాల్చు ఇనుపచట్రము, దాని క్రింది పింగాణి వలయము, నిప్పుల గిన్నె, బొగ్గులు నిలుచు జల్లెడ వరుసగా పైకి తీసితిమి. నిప్పుల గిన్నెకు సన్నని బీట కనబడినంత మాత్రమున కంగారుపడ నక్కరలేదు. నిత్యము వేడెక్కి చల్లారు వస్తువునకు అది సహజము. ముక్కలు విడిపోనంతవరకు పనిచేయును. ఇవి తీసివేసినచో బరువు చాలవరకు తగ్గును. కొందరు ఇంతటితోనే ఆగి మిగిలినదానిని ఇద్దరు పట్టి ఎత్తుదురు.

మూత తీయుటయే అన్నిటికంటె జాగ్రత్త గల పని. మూత తేలికగా లేచుటకై వెనుక బందునకు బిగువైన స్ప్రింగులు అమర్చియుందురు. మూత మూసియున్నప్పుడు అవి బిగిసి, మూత బరువుచేత అణగియుండును. ఆ బరువు తొలగిన మరుక్షణమున ఇనుపబందు ఎగిరి పైకి వచ్చును. దానిపైకి వంగి చూచువాని పండ్లకు ముప్పు. కనుక మూత మూసియుంచియే పైపట్టీని క్రిందిపట్టీకి గట్టి త్రాటితో కట్టితిమి. అటుపిమ్మట పైపట్టీ నట్లను స్పానరుతో వదులుచేసి, ఇద్దరము చెరియొక ప్రక్క నిలిచి మూతను నిలువుగా పైకెత్తి కంబళిపై నుంచితిమి. ముఖములు ప్రక్కకు తొలగించి, త్రాటిని మెల్లమెల్లగా వదలితిమి. రకమునుబట్టి బందు అమరిక మారును గావున, పొయ్యితో వచ్చిన చిన్నపుస్తకమును ముందుగా చదువుట మంచిది. మేము ఆ పుస్తకమును వంటింటి అరలో రెండు గంటలు వెదకితిమి.

అడుగుభాగమును ఎత్తునప్పుడు పిడిని గాని, బందును గాని పట్టుకొనరాదు. అవి అంత బరువును మోయుటకు చేసినవి కావు. ఒకరు క్రింది గాలిద్వారపు రంధ్రమును, మరియొకరు వెనుక అడుగును పట్టితిమి. మోకాళ్లు వంచి లేచితిమి గాని నడుము వంచలేదు. వాహనములో పాత పరుపు పరచి అడుగుభాగమును నిటారుగా నిలిపి త్రాళ్లతో కట్టితిమి. పింగాణి ముక్కలలో ఏ రెండును ఒకదానినొకటి తాకకుండ నడుమ దుప్పట్లు కుక్కితిమి. పింగాణికి బరువు మోయు బలము మెండు. దెబ్బకు ఓర్చు బలము లేదు. నట్లన్నియు ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను మా అబ్బాయి ఒడిలో పెట్టితిమి.

క్రొత్తయింట కూర్పు సులభముగనే సాగినది. నిప్పులగిన్నెకు గల తెరపు క్రింది గాలిద్వారమునకు ఎదురుగా నుండవలెను. లేనిచో గాలి అందక నిప్పు రాజుకొనదు. మూత అంచు, అడుగు అంచు సరిగా కలిసినవా లేదా చూచుటకు ఒక కాగితపు నోటును నడుమనుంచి మూసి లాగితిమి. మూడుచోట్ల బిగువుగా నిలిచినది. వెనుకప్రక్క జారివచ్చినది. పట్టీ వదలి, మూతను కొద్దిగా సర్ది మరల బిగించితిమి. ప్రయాణమున వాన తుంపర పడియుండుటచే రెండురోజులు ఆరనిచ్చితిమి. తడి యింకిన పింగాణిని ఒక్కసారిగా కాల్చిన లోపలి ఆవిరి దానిని పగులగొట్టవచ్చును. మూడవనాటి సాయంకాలమున చిన్నమంట వేసి నాలుగు వంకాయలు పెట్టితిమి. బావగారు పొయ్యికి రెండు గజముల దూరమున కుర్చీ వేసికొని కూర్చుండి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టితిరా అని అడిగిరి.