చంద్రలోకపు నవలలను తూచుట యెట్లు?



ఎన్నడును జరుగని కథను చెప్పు నవలను మంచిదనియో చెడ్డదనియో తీర్పు చెప్పుట యెట్లు? “ఇది జరుగునా?” యని యడిగి పుస్తకమును మూసివేయుట సులభము. ఆ ప్రశ్న యొక్కటియే చాలదని నా మనవి. ఇందులకై చంద్రయాత్రను గూర్చిన రెండు నవలలను మీ యెదుట నుంచెదను.

ఫ్రాన్సు దేశీయుడగు జూల్ వెర్న్ 1865లో ప్రకటించిన నవలలో అమెరికావారు 900 అడుగుల ఫిరంగిని పోతపోసి, మువ్వురు మనుష్యులను గుండులో నుంచి, ఫ్లారిడానుండి చంద్రునివైపు పేల్చుదురు. ఆంగ్ల రచయితయగు హెచ్. జి. వెల్సు 1901లో వెలువరించిన నవలలో కేవర్ అను శాస్త్రజ్ఞుడు భూమ్యాకర్షణము నడ్డగించు పదార్థమును కనిపెట్టి, దానితో గోళమును చేయించి, బెడ్ఫర్డు అను సహచరునితో చంద్రుని చేరును.

1903లో వెర్న్ ఒక విలేఖరితో మాటాడుచు, తాను భౌతికశాస్త్రమును వాడుకొంటిననియు, వెల్సు లేని లోహమును కల్పించెననియు, దానిని తనకు చూపవలెననియు ఆక్షేపించెను. వెర్న్ దూరమును, వేగమును, మందుగుండును ఓపికతో లెక్కకట్టి చెప్పిన మాట నిజము. అది చదువరికి శాస్త్రముపై ప్రీతి గలిగించును. కాని యట్టి ఫిరంగి పేలిన క్షణముననే గుండులోనివారు నలిగిపోవుదురు. 1969లో మువ్వురు ఫ్లారిడానుండియే బయలుదేరిరి, వారిలో నిద్దరు చంద్రునిపై కాలుమోపిరి. అయినను వారిని గొనిపోయినది రాకెట్టు. కావున సాధ్యాసాధ్యములే కొలతయైనచో రెండు నవలలును ఓడును.

మఱి కొలత యేది? రచయిత యొక్క యసంభవమును మనచే నొప్పించిన పిమ్మట, తక్కిన కథ దానికి తగినట్లు నడచినదా? ఆ కల్పన మన బ్రతుకును గూర్చి యేమైన తెలిపినదా? ఈ రెండును చూడవలెను.

ఇందు వెల్సుదే పైచేయి. అతని చంద్రలోకవాసులు చీమలవంటివారు. ఒక్కొక్కరు పుట్టినది మొదలు ఒక్కొక్క పనికే మలచబడుదురు. యంత్రము నడుపవలసిన పిల్లలను జాడీలలో బంధించి, చేతులు మాత్రము వెలుపల నుంచి పెంచుదురు. కేవర్ అది చూచి కలతపడును. కాని, పిల్లలను మనుష్యులుగా పెరుగనిచ్చి తరువాత యంత్రములుగా మార్చు భూలోకపు పద్ధతికన్న నిదియే దయగలది కాదా యని తలపోయును. వెల్సు కల్పించిన లోహమును మఱచినను ఈ మాటను మఱవలేము.

బెడ్ఫర్డు భూమికి మరలివచ్చును. కేవర్ అచటనే చిక్కి, తీగలేని తంతి మూలమున వార్తలు పంపుచుండును. అతడు చంద్రలోకపు ప్రభువునకు మన యుద్ధములను గూర్చి చెప్పును, ప్రభువు నిర్ఘాంతపోవును. ఆ పదార్థమును చేయు విధానమును భూమికి తెలుపబోవు వేళ వార్తలు తెగిపోవును. యుద్ధప్రియులగు మనుష్యులు మరల రాకుండుటకే యిట్లు చేసిరని బెడ్ఫర్డు ఊహించును.

కావున మీ యింటి పిల్లలు ఇట్టి పుస్తకమును తెచ్చినపుడు “ఇది జరుగునా?” యని యడుగుడు, వెంటనే “ఇది జరిగినచో మన మెట్టివారమని తేలును?” అనియు నడుగుడు. రెండవ ప్రశ్నకు బదులు చెప్పగల నవల యింట నుంచదగినది.