ఫిలిప్పీను వంటలలో పులుపు

ఫిలిప్పీను దీవులను చూడబోవువారికిని, వైద్యవిద్యకై పిల్లలను అక్కడికి పంపిన మన తెలుగు తల్లిదండ్రులకును మొదట కలుగు సందేహము ఒక్కటే: అక్కడ తినుటకు ఏమి దొరకును? పోయివచ్చినవారిని అడిగినచో పెక్కుమంది నిప్పులపై త్రిప్పి కాల్చిన పంది మాటయే ఎత్తుదురు. లెచోన్ అను ఆ వంటకము పండుగ విందులకు తలమానికమే. సెబూ దీవి దానికి పేరుపొందినది. కాని అది ఆ ప్రజల నిత్యభోజనము కాదు. ఆ దేశపు రుచిని తెలిసికొనగోరువాడు పులుపునుండి ప్రారంభింపవలెనని నా అభిప్రాయము. ఈ ప్రసంగమున ఆ దారినే పోయెదను. దారిప్రక్క వంటకములు కొన్ని విడిచిపెట్టినచో శ్రోతలు మన్నింతురు గాక.

వారి పులుసు పేరు సినిగాంగ్. మాంసమునో, రొయ్యలనో, బంగూస్ అను పాలచేపనో నీటిలో ఉడికించి, అందు ముల్లంగి, వంకాయ, అలసందకాయలు, టమాటా, చివరకు తూటికూర వేయుదురు. చేమదుంప ముక్కలు వేసినచో అవి కరగి పులుసు చిక్కబడును. పులుపునకు ఎక్కువగా వాడునది మన చింతయే. దానిని వారు సంపాలోక్ అందురు. అయితే మనవలె పండిన చింతపండును నానబెట్టి పిసుకుట అక్కడ అంత వాడుక కాదు. పచ్చి చింతకాయలను ఉడికించి, నలిపి, వడగట్టి, ఆ రసమును పోయుదురు. తాలింపు లేదు, పసుపు లేదు, ఇంగువ ఊసు లేదు. కారమనగా ఒక పొడవాటి పచ్చిమిరపకాయను చీల్చకుండ అందు పడవేయుట మాత్రమే. అందుచేత మొదటి గ్రుక్కలో మన చారు జ్ఞాపకము వచ్చును. రెండవ గ్రుక్కలో ఏదియో లోపించినట్లు తోచును. మూడవ గ్రుక్కకుగాని దాని అసలు రుచి పట్టుబడదు. తొందరపడి రెండవ గ్రుక్కతో గిన్నె ప్రక్కకు నెట్టినవారిని చూచితిని. వారికై నాకు జాలి కలిగినది.

చింతకాయ లేనిచోట పచ్చిమామిడి, జామపండు, కామియాస్ అను పుల్లని కాయ, ఏది చేతికందిన అది వేయుదురు. జామపండుతో కాచిన సినిగాంగ్‌కు ఒక సువాసన, ఒక మెత్తని తీపి వచ్చును. ఇక కోడిమాంసమును లేత చింతాకుతో వండు పులుసు వేరే కలదు. దాని పేరు సినంపాలుకాన్. చింతచిగురు మాంసము తిని పెరిగిన తెలుగువాడు ఆ గిన్నె ముందర పరదేశి కాడు. ఫిలిప్పీనుల భోజన చరిత్రను జీవితమంతయు పరిశోధించిన డొరీన్ ఫెర్నాండెజ్ (1934–2002) అను విదుషి, ఆ ప్రజల రుచికి నిజమైన ప్రతినిధి అడోబో కాదు, సినిగాంగే అని వాదించెను. ఆమె మాటతో నేను ఏకీభవించుచున్నాను.

అయినను అడోబోను విడువరాదు. కోడినో పందినో వెనిగరులో, వెల్లుల్లి, మిరియములు, బిర్యానీ ఆకులతో మెల్లగా ఉడికించునదే అడోబో. నేడు అందు సోయాద్రవము కూడ పోయుదురు. అది చైనా వర్తకులతో వచ్చిన అలవాటు. సోయా లేని తెల్ల అడోబో ఇప్పటికిని కొన్ని ఇండ్ల కలదు. స్పెయినువారు 1565 మొదలు 1898 వరకు ఆ దీవులను ఏలిరి. 1613లో పెడ్రో దె సాన్ బ్యూనవెంచురా అను సన్న్యాసి తన తగాలు నిఘంటువులో ఈ వంటను దేశీయుల అడోబోగా పేర్కొనెను. అనగా పేరు స్పెయినుది, వంట మాత్రము అంతకుముందే ఆ నేలపై ఉన్నది. కొబ్బరిచెట్టు కల్లును, నీపా అను తాటిజాతి చెట్టు కల్లును పులియనిచ్చి వెనిగరు చేయుదురు. ఉక్కపోతగల ఆ దేశమున, మంచుపెట్టెలు లేని దినములలో, మాంసము చెడకుండ కాపాడినది ఆ పులుపే. మరునాడు అడోబో రుచి హెచ్చునని వారందురు. మన ఇండ్లలో నిన్నటి పులుసును గూర్చి ఇదే మాట వినుచుందుము.

ఆ వెనిగరే పచ్చిచేపకు తగిలినచో కినిలావ్ అగును. నిప్పు అవసరము లేదు. దీనిని సముద్రతీరమున, అప్పుడే పట్టిన చేపతో చేసినచోటనే తినవలెను.

కారె-కారె అను మరియొక వంటకము కలదు. పేరు వినగానే మన చెవి నిక్కబొడుచుకొనును. పల్లీలను, వేయించిన బియ్యమును నూరి చిక్కబరచి, జాఫ్రా గింజలతో ఎర్రని రంగు తెచ్చిన కూర ఇది. అరటిపువ్వు, వంకాయలు అందు ఉండును. ముఖ్యవస్తువు మాత్రము సామాన్యముగా ఎద్దుతోక. తిననివారు ముందుగనే అడిగి తెలిసికొనవలెను. 1762లో మదరాసునుండి బయలుదేరిన ఆంగ్లసేనలు మనీలాను పట్టుకొని 1764 వరకు నిలిచినవి. ఆ సేనలోని భారతీయ సిపాయిలు కొందరు తిరిగి రాక, మనీలాకు దగ్గరనున్న కైంటా పట్టణమున స్థిరపడిరి. వారి కూరయే కారె-కారె అయినదని ఒక కథ వాడుకలో ఉన్నది. కథగానే దానిని మీకు చెప్పుచున్నాను. అయినను, ఆ గిన్నె ఎదుట కూర్చున్నప్పుడు, మన సముద్రతీరమునుండి పోయి అక్కడనే ఉండిపోయిన ఆ అనామకులు నాకు మనసున మెదలిరి.

శాకాహారుల సంగతి కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయన నా పొరపాటు ఒకరికైనను ఉపయోగపడవచ్చును. తురో-తురో అని చిన్న పూటకూళ్ళు అక్కడ వీధివీధిన కలవు. ఆ మాటకు వ్రేలితో చూపుట అని అర్థము. గిన్నెలు వరుసగా పేర్చియుండును, మనము చూపినది వడ్డింతురు. ఒకచోట కాకర, బెండ, వంకాయలతో కంటికింపైన కూర కనబడెను. ఉత్తర లూజోనులోని ఇలోకోసు సీమకు చెందిన పినక్‌బెట్ అది. సంతోషముతో చూపితిని, తింటిని. ఏదియో తెలియని వాసన. అడుగగా వడ్డించిన అమ్మ నవ్వి, బగోఓంగ్ వేయనిదే పినక్‌బెట్ ఎట్లగునని నన్నే తిరిగి ప్రశ్నించెను. బగోఓంగ్ అనగా చిన్నరొయ్యలనో చేపలనో ఉప్పులో ఊరవేసి పులియబెట్టిన ముద్ద. ఆమె తప్పేమియు లేదు; కూరగాయల కూర అనగా మాంసము లేని కూర అని నేనే అనుకొంటిని. బికోల్ సీమలో ఎండిన చేమాకులను కొబ్బరిపాలతో వండు లాయింగ్‌లోను ఇట్టి చిక్కే ఉండవచ్చును. కావున ‘వాలాంగ్ కార్నె, వాలాంగ్ ఇస్దా, వాలాంగ్ బగోఓంగ్’, అనగా మాంసము వలదు, చేప వలదు, బగోఓంగ్ వలదు, అను మూడు మాటలను కంఠస్థము చేసికొని పోవుట మేలు. ఉదయమున తాహో అమ్ము మనిషి కేకవేయుచు వీధిలోనికి వచ్చును. వెచ్చని మెత్తని సోయాగడ్డపై బెల్లపుపాకమును, సగ్గుబియ్యమును పోసి ఇచ్చును. దానికి శంక అక్కరలేదు.

మరియొక ముచ్చట. భోజనపు బల్లపై వెనిగరు, చేపరసము, కలమాన్సి అను చిట్టి నిమ్మకాయలు, మిరపకాయలు వేరుగా ఉంచుదురు. ఎవరికి కావలసిన పాళ్ళలో వారు కలుపుకొని ముక్కను అందు అద్ది తిందురు. వండినవారు సగము వండగా, తినువారు మిగిలిన సగము వండుకొందురన్నమాట. వంటమనిషికి ఇందు చిన్నతనము లేదు. మన ఇండ్లలో ఇల్లాలి కూరలో అతిథి నిమ్మకాయ పిండినచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

నేడు నగరములలో చింతకాయలు ఉడికించు ఓపిక తగ్గి, సినిగాంగ్ పొడి పొట్లములు ఇంటింట చేరినవి. పొట్లపు పులుపు నాలుకకు గ్రుచ్చుకొనును. కాయ పులుపు నెమ్మదిగా వచ్చి నిలుచును. రెండింటిని రుచి చూచినవారికి భేదము వెంటనే తెలియును. కనుక ఏ ఇంటివారైనను పిలిచినప్పుడు వారి పెరటి కాయతో కాచిన పులుసును అడిగి పుచ్చుకొనుడు. పిలుపు రాదేమోనన్న భయము వలదు. తినుచున్నవారు దారినపోవువానిని చూచి ‘కాఇన్ తాయో’, అనగా తిందము రమ్ము, అని పలుకుట అక్కడి మర్యాద. మొదటిసారి మర్యాదకు వలదనవలెను. రెండవసారి పిలిచినచో కూర్చుండవచ్చును.