నోటిపూతను చిన్నచూపు చూడరాదు
(అనకాపల్లిలో పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



నోరు పూసినచో “వేడి చేసినది” అని మజ్జిగ త్రాగించి ఊరకుండుట మన గ్రామములలో అలవాటు. చాలమందికి అంతమాత్రము చాలును. కాని మూలకణముల మార్పిడి చేయించుకొని వచ్చినవారి విషయములో ఈ అలవాటు ప్రమాదకరము. అట్టివారు మన పల్లెలో ఒక్కరే యుండవచ్చును. ఆ ఒక్కరిని కాపాడుకొనుటకే ఈ నాలుగు మాటలు.

కొన్ని రక్తపు కాన్సరులకు ఎముకల మూలుగలోని చెడిన కణములను మందులతో నిర్మూలించి, సరిపడిన తోబుట్టువుల మూలకణములను రోగికి ఎక్కింతురు. మన దేశమున ఇట్టి మార్పిడి 1983లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో మొదటిసారి జరిగినది. తరువాత వ్యాధి మరల తలయెత్తినచో, ఆ దాత రక్తమునుండియే రోగనిరోధక కణములను తీసి ఎక్కించు పద్ధతియు గలదు. ఇవి కావలివాండ్రవంటివి, దాగియున్న వ్యాధికణములను వెదకి చంపును. కాని పొరుగూరి కావలివానికి మన ఊరివారి ముఖములు తెలియవు గదా! దొంగతోపాటు ఇంటివానిని కూడ కొట్టును. ఆ దెబ్బ చర్మమునకు, కాలేయమునకు, ప్రేగులకు, కన్నులకు, నోటికిని తగులవచ్చును.

అప్పుడు బుగ్గల లోపల అల్లికవంటి తెల్లని చారలు, పుండ్లు కనబడును. కారము తగిలినంతనే మండును. లాలాజలము తగ్గి నోరెండును. అందువలన పండ్లు త్వరగా పుచ్చును. కొందరికి నోరు తెరచుటయే కష్టమగును. కణములు ఎక్కించిన కొన్ని వారములకుగాని, నెలలకుగాని ఇది బయటపడవచ్చును. ఇది అంటువ్యాధి కాదు.

ఈ దాడిని నివారించుటకు మార్పిడి దినములలో ఇచ్చు మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధకబృందము వెలువరించిన ఔషధమిది. ఆ మందువలనను నోరు పూయవచ్చును. బూజు, వైరస్‌లవలనను పూయవచ్చును. ఒక్కొక్కదానికి చికిత్స వేరు. కనుక కారణమును వైద్యుడే తేల్చవలెను. పసరులు పూయరాదు, వైద్యులిచ్చిన మాత్రలు తమంతట తాము మానరాదు.

పండ్లు తోముటకు బొగ్గుపొడి, వేపపుల్ల మాని మెత్తని బ్రష్ వాడవలెను. గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి దినమునకు పలుమార్లు పుక్కిలింపవలెను. చల్లార్చిన చోడి అంబలి, మెత్తని పప్పన్నము మేలు. ఆవకాయ కొంతకాలము వలదు. మన అనకాపల్లి బెల్లము పేరొందినదే, కాని నోరెండినవారు దానిని చప్పరించుచుండిన పండ్లు చెడును. చుట్ట, అడ్డపొగ, ఖైనీ, గుట్కా పూర్తిగా మానవలెను. ఇట్టివారికి సంవత్సరముల తరువాత నోటి కాన్సరు వచ్చు అవకాశము ఇతరులకంటె హెచ్చు. అందుచే పుండ్లు మానిన తరువాతకూడ ఆరునెలలకొకసారి నోరు చూపించుకొనవలెను. జ్వరము వచ్చినచో ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను.

సభ్యులారా! మన దాపున అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమునకు చెందిన హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి గలదు. మార్పిడి చేసిన ఆసుపత్రి దూరమైనను అచ్చటి వైద్యులకు కబురు చేయించుడు. ప్రయాణమునకు తోడు లేనివారికి తోడు కల్పించుడు. అంటునని భయపడి పంక్తిలో దూరముగా కూర్చుండబెట్టినచో రోగి సిగ్గుతో పుండును దాచును. దాచిన పుండు ముదురును. ఆ భయమును పోగొట్టుటకు ఖర్చు లేదు. మీలో ఒకరు ఆయన ప్రక్కన కూర్చుండి భోజనము చేసిన చాలును.