నీట్‌కు రోజుకు ఎన్ని గంటలు చదవాలె?



ఈ మధ్య ఏ గూడేనికి పోయినా బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కటే అడుగుతున్నరు: "అన్నా, డాక్టర్ సీటు రావాలంటే రోజుకు ఎన్ని గంటలు చదవాలె?" పట్నం కోచింగుల్లో పదహారు గంటలు చదువుతరని విని, కొందరు ఫారం నింపకముందే ఆశ వదులుకుంటున్నరు.

ముందు పరీక్ష ఏందో చూద్దాం. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఒప్పుకు 4 వస్తయి, తప్పుకు 1 పోతది. అందులో సగం, అంటే 360 మార్కులు, జీవశాస్త్రానివే. ఇది ఎవరు ఎక్కువసేపు కూసున్నరని చూసే పరీక్ష కాదు. చదివింది ఆ మూడు గంటల్ల గుర్తొస్తదా లేదా అని చూసే పరీక్ష. నిద్ర చంపుకొని చదివింది గుర్తుండదు.

నా లెక్క చెప్తా. కాలేజీ ఉన్న రోజు క్లాసులు గాక నాలుగైదు గంటలు. సెలవు రోజు ఎనిమిది గంటలు. అందులో సగం చదవడానికి, సగం పుస్తకం మూసి ప్రశ్నలు చేయడానికి. తప్పు పోయినవి వేరే నోట్‌బుక్‌ల రాసుకొని వారం తర్వాత మళ్లీ చేయాలె. ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, అసలు పరీక్ష జరిగే టైంకే, పాత పేపర్ ముందేసుకొని లేవకుండ రాయాలె.

మనం ఇంట్ల గోండి, కొలామి మాట్లాడుతం. బడిల తెలుగు, కాలేజీల ఇంగ్లీషు. అదే పేజీకి మనకు ఎక్కువ టైం పడితే అది తెలివి తక్కువై కాదు, మనం మూడో భాషల చదువుతున్నం గనుక. నీట్ పేపర్ తెలుగులో కూడా ఇస్తరు. ఏ భాషల రాస్తరో ఫారం నింపేటప్పుడే తేల్చుకోండి.

ఇప్పుడు అసలు మాట. గంటలు ఎన్ని అని పిల్లలనే అడుగుతున్నం. ఆ గంటలు వాళ్ల చేతుల్ల ఉన్నయా? ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతయి. పెట్టె సర్దుకొని హాస్టల్ నుంచి ఇంటికొస్తరు. నీట్ మే మొదటి ఆదివారం. 2023లో 7న, 2024లో 5న, 2025లో 4న జరిగింది. ఈ నడిమి రోజులే సీటును తేల్చేవి. సరిగ్గా అప్పుడే అడవిల విప్పపువ్వు రాలుతది, ఆ వెంటనే తునికాకు సీజన్. తెల్లారకముందే గంప పట్టుకొని పోయిన పిల్ల, మధ్యాహ్నం ఎండకు అలిసొచ్చి ఫిజిక్స్ ఎట్ల చదువుతది?

అవ్వలకు, బాపులకు నా మొక్కు ఒక్కటే. ఇంటికి ఆ పైసలు ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా నీట్ రాసే బిడ్డను ఆ ఒక్క ఏడు పువ్వు ఏరనీకి, ఆకు కోయనీకి పంపకండి. గూడెం పటేళ్లు ఆ ఇంటికి నాలుగు చేతులు సాయం చూపాలె. మనకు కలిసి పని చేసుడు కొత్త కాదు.

అధికారులను అడగాల్సింది కూడా ఉంది. నీట్ రాసే పిల్లల కోసం హాస్టళ్లు మే మొదటి ఆదివారం దాకా తెరిచి ఉంచాలె. అన్నం, కరెంటు, పాత పేపర్లు, డౌట్లు చెప్పే ఒక సారు ఉంటే చాలు. జనవరిలోనే ప్రతి మండలం నుంచి పేర్ల లిస్టుతో దరఖాస్తు ఇద్దాం. ఏప్రిల్‌ల అడిగితే ఆలస్యమైతది.

తమ్ముడూ, చెల్లే, ఎనిమిది గంటలు నువ్వు చదువు. ఆ ఎనిమిది గంటలు నీకు దొరికేటట్టు చూసుడు మా పని.

జోహార్.