వీడియో ఆటలు – డిజిటల్ ఆస్తి – చట్టం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి పెరిగినవారికి అనుమతి వేరు, స్వామ్యం వేరు అన్న సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1875లో లావెల్ దొరకు మైసూరు ప్రభుత్వం ఇచ్చినది అనుమతి మాత్రమే. 1880 దశకంలో గనులు నడిపిన జాన్ టేలర్ సంస్థ సైతం నేలను కౌలుకు పుచ్చుకొని, తీసిన బంగారంపై ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించినదే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు, తరతరాలుగా కంపెనీ క్వార్టర్లలో కాపురమున్న కుటుంబాలకు ఆ భేదం గడప దాకా వచ్చింది. ఇంట్లో ఉండడం ఒకటి, ఇల్లు తమదై ఉండడం మరొకటి.

నేడు పిల్లల చేతిలోని సెల్‌ఫోనులోనూ ఇదే భేదం దాగి ఉన్నది. ఆటలో తుపాకికి రంగు, పాత్రకు కొత్త దుస్తులు డబ్బు పెట్టి కొన్న బాలుడు అవి తనవనే అనుకొంటాడు. చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన ఒప్పందంలో మాత్రం అది అమ్మకం కాదని, వాడుకొనే అనుమతి మాత్రమేనని, కంపెనీ తలచినప్పుడు దానిని రద్దు చేయవచ్చునని వ్రాసి ఉంటుంది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షను క్రింద నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జి మొబైల్ ఒకటి. అదే ఏడు అక్టోబరు 30న దాని సేవలు దేశంలో పూర్తిగా ఆగిపోయాయి. పిల్లలు కొనుక్కొన్నవన్నీ ఒక్క రోజుతో అందకుండా పోయాయి. 2021లో అదే ఆట మరో పేరుతో తిరిగి వచ్చినప్పుడు పాత ఖాతాలను బదిలీ చేసుకొనే వీలు కల్పించారు. అది కంపెనీ చూపిన సౌకర్యమే గాని, ఆటగాడు హక్కుగా సాధించుకొన్నది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుండి ఒక నియమం అమలులో పెట్టింది. ఇచ్చేది అనుమతి మాత్రమే అయితే ఆ సంగతి కొనేవానికి స్పష్టంగా తెలుపకుండా ‘కొనండి’ అనే మాట వాడరాదు. స్వామ్యమేమీ ఇవ్వకపోయినా, ఉన్న మాట చెప్పించడం చిన్న మేలేమీ కాదు.

ఇంతకూ ఒప్పందం చేసుకొన్నదెవరు? పదమూడేళ్ల పిల్లవాడు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 11వ సెక్షను ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. మొహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ మైనరు వ్రాసిన తనఖాను మొదటి నుండి చెల్లనిదని తేల్చింది. ఇది వినగానే తండ్రులు ఊరట చెందుతారు గాని, ఆ ఊరట సగమే. డబ్బు పోయినది పిల్లవాని ఖాతా నుండి కాదు, తండ్రి బ్యాంకు ఖాతా నుండి. రహస్య సంఖ్యలను ఖాతాదారుడే ఇతరులకు తెలియనిచ్చినచో, బ్యాంకుకు ఫిర్యాదు అందేవరకు జరిగిన నష్టం ఖాతాదారుడే భరించాలని 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెబుతున్నది. పిల్లవాని ఒప్పందం చెల్లకపోవచ్చును. ఆ వాదన గెలిచి డబ్బు రాబట్టుకొనడానికి పట్టే కాలం, ఖర్చు వేరు.

వీడియో ఆటలు న్యాయస్థానానికి ఎక్కడం కొత్త కాదు, అదీ ఈ రాష్ట్రం నుండే. బెంగుళూరులో వీడియో ఆటల కేంద్రాలకు పోలీసు కమీషనరు లైసెన్సు తప్పనిసరి చేసినప్పుడు నిర్వాహకులు అభ్యంతరపెట్టారు. తమవి నైపుణ్యపు ఆటలని, జూదం కావని వారి వాదన. ఎం.జె. శివాని వర్సెస్ కర్ణాటక రాష్ట్రం అన్న ఆ వ్యాజ్యంలో 1995లో సర్వోన్నత న్యాయస్థానం లైసెన్సు విధానాన్ని సమర్థించింది. తీర్పు వెలువరించిన ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి ఉన్నారు. యంత్రాన్ని యజమాని తనకు అనుకూలంగా ముందే అమర్చుకొనే వీలున్నచోట ఆటగాని నైపుణ్యానికి విలువేమి అన్నది అందులోని కీలకాంశం. నాణెం వేసి ఆడే పెట్టెలను గూర్చి అడిగిన ఆ ప్రశ్న నేటి యాప్‌లకు మరింత వర్తిస్తుంది. పెట్టెనైతే విప్పి చూడవచ్చు. ఎక్కడో ఉన్న కంప్యూటరులో పేక కలిపేదెవరో చూచినవారు లేరు.

పేకాట సంగతికి వస్తే, సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిపై నడిచిన సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. 1968 నాటి న్యాయనివేదికలలోని ఈ మాటనే ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు యాభై ఏళ్ల తరువాత డాలుగా పట్టుకొన్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద నిరోధక చట్టాలను సవరించి పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కర్ణాటక 2021లో పోలీసు చట్టాన్ని సవరించగా, 2022 ఫిబ్రవరి 14న రాష్ట్ర హైకోర్టు ఆ సవరణలోని ముఖ్య నిబంధనలను కొట్టివేసింది. నైపుణ్యపు ఆటను అదృష్టపు ఆటతో కలిపి ఒకే గాటన కట్టరాదన్నది ఆ తీర్పు సారాంశం. తర్కం పటిష్ఠమైనదే. అయితే నెల జీతం రాత్రికి రాత్రి పోగొట్టుకొన్న ఇంటికి, పోయినది నైపుణ్యం చాలక పోయిందో అదృష్టం లేక పోయిందో అనే విచారణ వల్ల ఒరిగేదేమీ లేదు.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఆ విచారణనే ప్రక్కకు పెట్టింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు ఒడ్డి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటను నడపడమే నేరమన్నది. నడిపినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. ఆడినవారిని నేరస్థులుగా చూడలేదు, ఇది మెచ్చదగినది. పందెం లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించాలనీ ఆ చట్టంలోనే ఉన్నది. దీనిని ప్రశ్నిస్తూ వివిధ హైకోర్టులలో దాఖలైన వ్యాజ్యాలను 2025 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానం తన వద్దకు తెప్పించుకొన్నది.

పూర్వ విద్యార్థులలో కంప్యూటరు విద్య చదివినవారు అనేకులు గనుక ఒక్క మాట. కంప్యూటరు ప్రోగ్రాము కాపీరైటు చట్టం దృష్టిలో సాహిత్య రచనతో సమానం. సక్రమంగా పొందిన ప్రతి పాడవుతుందని మరొకటి దాచుకొనడం తప్పు కాదు. దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడడం మాత్రం 63బి సెక్షను క్రింద నేరం. లాభాపేక్ష లేకుంటే న్యాయస్థానం జైలు విధించక జరిమానాతో సరిపెట్టవచ్చు. ఇతరుల పాస్‌వర్డుతో ఆట ఖాతాలో ప్రవేశించి వస్తువులు కాజేయడం పిల్లలకు చిలిపితనంగా తోచవచ్చు; సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను దానికి మూడేళ్ల వరకు శిక్ష నిర్ణయించింది.

డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే బ్యాంకుకు తెలిపి, 1930 సంఖ్యకు ఫోను చేయవలసి ఉంటుంది. పిల్లవానిని దండించే పని, అవసరమనిపిస్తే, ఆ తరువాత చూచుకొనవచ్చు.