బద్ధకం కాదు, ఇబ్బంది

మన ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బళ్లో ఇంగ్లీషు. తొమ్మిదో తరగతి పిల్లాడు చదవడంలో తడబడితే, "ఇన్ని భాషలు కదా, అందుకే" అంటాం. లేదంటే బద్ధకం అంటాం.

కాస్త ఆగి గమనించండి. భాష కొత్తదైతే ఆ భాషలోనే తడబడతాడు. డిస్‌లెక్సియా అనే చదివే ఇబ్బంది ఉంటే, నేర్చుకున్న ఏ భాషలో చదివినా సాధారణంగా కష్టమే. నోటితో అడిగితే చక్కగా చెబుతాడు, కాగితం మీద పెట్టలేడు. అది తెలివితక్కువతనం కాదు.

మరి ఏం చేయాలి? ముందు తిట్టడం, పక్కింటి పిల్లలతో పోల్చడం మానండి. క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. సైకాలజిస్టుకు చూపించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. ప్రభుత్వ వైద్యుల సర్టిఫికెట్ ఉంటే, బోర్డు నిబంధనల ప్రకారం పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషిని అడగవచ్చు. సర్టిఫికెట్ పని ఇప్పుడే మొదలుపెట్టండి. పదో తరగతి పరీక్షల ముందు పరుగులు పెట్టొద్దు.

ఇంట్లో పాఠం మీరు చదివి వినిపించండి. వాడి చేత నోటితో చెప్పించండి. రోజుకు కొంచెమే, కానీ రోజూ.

మళ్లీ చెబుతున్నాను. బద్ధకం కాదు, ఇబ్బంది. తిట్టకండి, నిపుణులకు చూపించండి.