చైతన్యపురి హాస్టల్లో మేము నేర్చుకొన్నది
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు ఉర్దూలోనా, తెలుగులోనా అని అడిగాము. "మీ ఇష్టం మాస్టర్ సాబ్" అన్నారు. మేము ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, ఉర్దూ మాధ్యమంలోనే పాఠాలు చెప్పుకొనేవాళ్లం. అయినా ఇవాళ తెలుగులోనే మాట్లాడదలచాము. ఎందుకంటే ఈ తెలుగు మాకు బడిలో వచ్చింది కాదు, చైతన్యపురిలో ఒక హాస్టల్ గదిలో వచ్చింది. మన సంఘం తరఫున కాలేజీ పిల్లల కొరకు హాస్టల్ పెట్టాలని ఆలోచన సాగుతున్నది గనుక, ఆ గది సంగతి మీ ముందు పెట్టడం అవసరమనుకొంటున్నాము. తప్పులుంటే మన్నించాలి.

1998లో డిగ్రీలో చేరడానికి నల్లగొండ జిల్లా నుంచి ఒక రేకు పెట్టె, ఒక చాప పట్టుకొని బస్సెక్కాము. విజయవాడ రోడ్డు మీద వచ్చే బస్సు ఎల్.బి.నగర్, కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటుకొనే ఊళ్లోకి పోతుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం పిల్లలకు పట్నం మొదట కనిపించేది అక్కడే. దిగినచోటే గది వెదుక్కొంటాం. అందుకే ఆ గల్లీల్లో ఇంటి మీద ఇల్లు లేచి, ప్రతి రెండో ఇంటికీ హాస్టల్ బోర్డు పడింది. దిల్ మనది, సుఖ్ అందరిదీ, చైతన్యం సంస్కృతం. పేర్లలోనే ఇంత కలయిక ఉన్న చోటికి వచ్చామని అప్పుడు మాకు తట్టనే లేదు. ఎండాకాలంలో కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి మామిడిపండ్ల వాసన మాత్రం మా మిద్దె దాకా వచ్చేది. 2021లో ఆ మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయింది.

గదికి నలుగురం. నెలకు ఎనిమిది వందల రూపాయలు, తిండితో సహా. నీళ్లు దినం తప్పించి దినం వచ్చేవి. వచ్చిన రోజు బకెట్ల వరుస మెట్ల మీది నుంచి వీధి దాకా ఉండేది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి సాంబారు. ఆదివారం నాడు కోడికూర. మా కష్టం ఆదివారమే మొదలయ్యేది. కోడి ఎక్కడ కోసిందో తెలియక మేము పెరుగన్నం తిని లేచేవాళ్లం. అడగడానికి మాకు మొహమాటం, తెలుగు కూడా అంతంత మాత్రం.

మూడో ఆదివారం మా గదిలోని సూర్యాపేట పిల్లవాడు, రైతు బిడ్డ, "ఏం భాయ్, రోజాలు ఇప్పుడే మొదలుపెట్టినవా?" అన్నాడు. విషయం చెప్పాము. ఆ రాత్రే అతను మెస్సు లెక్కలు చూసే కుర్రాళ్లను కూడేసి, "మలక్‌పేటలో మనోళ్ల దుకాణం నుంచి తెస్తే అందరం తింటం గద, ధర గూడ అదే గద" అన్నాడు. "మనోళ్లు" అన్న ఆ మాట మాకు ఈనాటికీ గుర్తు. ఆ తరువాతి ఆదివారం నుంచి అందరం ఒకే కూర తిన్నాము.

ఆ యేళ్లల్లో రంజాన్ డిసెంబరు చలిలో వచ్చేది. సహరీకి లేపడానికి గడియారం మా దగ్గర లేదు, ఖమ్మం కుర్రాడి దగ్గర ఉండేది. అతనే నాలుగింటికి లేచి మమ్మల్ని లేపి, మళ్లీ దుప్పటి ముసుగు పెట్టేవాడు. వంటమనిషి అన్నం, పెరుగు గిన్నె మీద పళ్లెం మూసి పెట్టి పోయేవాడు. సాయంత్రం హలీం కొరకు మాకంటె వాళ్లే ఎక్కువ ఎదురు చూశారంటే అబద్ధం కాదు. వాళ్లు మాకు తెలుగు పేపరు చదివించారు. మేము వాళ్లకు ఉర్దూ అక్షరాలు దిద్దించాము. మొదటి సంవత్సరం పోస్టర్ల మీది సినిమా పేర్లు కూడబలుక్కొన్న మేము, మూడో సంవత్సరానికి సంపాదకీయం చదివి వాదులాడే స్థితికి వచ్చాము.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే అది సగం నిజమే అవుతుంది. రెండో సగం చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతాము.

మేము మూడో యేట ఉన్నప్పుడు మా ఊరి పిల్లవాడే, మా బడిలో చదివినవాడే, ఆ హాస్టల్లో చేరాడు. చదువులో మాకంటె చురుకు. వాడి తెలుగు మాత్రం మా మొదటి యేటి తెలుగు. భోజనాల దగ్గర వాడు ఒక మాటకు ఇంకో మాట వేస్తే అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. మా తెలుగు అప్పటికి బాగుపడింది గద! నవ్వినవాళ్లలో కీడు తలపెట్టినవాళ్లు లేరు. కాని వాడు మా ముఖం వంకే చూశాడు. తరువాత ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు. దసరా సెలవులకు ఊరికి పోయి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆటో నడుపుకొంటున్నాడు. నీతిగా బ్రతుకుతున్నాడు, అందులో చిన్నతనమేమీ లేదు. కాని వాడు లెక్చరరు కావలసిన మనిషి.

పరాయివాళ్లు మాకు చేసినది, మేము మావాడికి చేయలేకపోయాము.

ఇక 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. చనిపోయినవారిలో ఆ గల్లీల్లో ఉండి చదువుకొంటున్న పిల్లలు కూడా ఉన్నారు. ఆ యేడే మా శిష్యుడొకనికి గది చూడడానికి వెళ్లాము. ఒకచోట పేరు అడిగి, గది లేదన్నారు, బోర్డు మాత్రం వేలాడుతూనే ఉంది. ఆ పక్క వీధిలోనే ఒక తల్లి పేరు అడగకుండా, "అన్నం తిన్నడా పిలగాడు?" అని అడిగింది. ఈ రెండూ జరిగినవే. ఒకటి దాచి రెండోది చెప్పడం న్యాయం కాదు.

మనలో కొందరు పెద్దలు, "అందుకే మన పిల్లలకు మన హాస్టల్ కావాలి, మనవాళ్లే ఉండాలి" అంటున్నారు. వారి బాధ మాకు తెలుసు. కాని చరిత్ర కూడా కొంచెం చూడండి. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. 1938లో దాని హాస్టళ్లలో వందేమాతరం పాడరాదన్నందుకు నిరసన తెలిపిన వందలాది విద్యార్థులు బహిష్కరణకు గురయ్యారు. ఆ ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావుగారు నాగపూర్ పోయి చదువు కొనసాగించారు. హాస్టల్లో ప్రార్థన, అన్నం, మాట చిన్న సంగతులు కావు. పిల్లవాడు నిలిచేదీ, లేచిపోయేదీ వాటి మీదనే.

అదే 1918లో కొత్వాల్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టల్ వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా పనిచేశారు. అక్కడ అన్నంతోపాటు గ్రంథాలయం కూడా ఉండేది. అంటే ఒక కులం పెద్దలు పెట్టిన హాస్టలైనా పుస్తకం ఉంటేనే ఊరికంతా పనికివస్తుందన్నమాట.

2016 నుంచి ప్రభుత్వ మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. అక్కడ ఇంగ్లీషు మాధ్యమంలో ఇంటర్ దాకా చదువు, వసతి దొరుకుతాయి. ఆ తరువాత డిగ్రీకి వచ్చేసరికి పిల్లవాడు మళ్లీ మా మాదిరే పెట్టె పట్టుకొని రోడ్డు మీద నిలబడతాడు. చైతన్యపురికి 2018లో మెట్రో వచ్చింది గాని, గది వెదుకులాట తప్పలేదు. మనం ఆదుకోవలసింది అక్కడ.

కనుక మేము మనవి చేసేది మూడే మాటలు. హాస్టల్ పెట్టండి, కాని నాలుగు మంచాల్లో ఒకటి వేరే ఇంటి పిల్లవాడికి ఇవ్వండి, అతని తిండికి ఇబ్బంది లేకుండా మెస్సు లెక్క అతని చేతికీ ఇవ్వండి. గది అద్దెకు ముందు ఒక చదువుగది చూడండి, అందులో తెలుగు పేపరు, ఉర్దూ పేపరు, ఇంగ్లీషు పేపరు పక్కపక్కన ఉండాలి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ మొదటి మూడు నెలలు ఒక పెద్ద విద్యార్థిని తోడు పెట్టండి. ఆ కుర్రాడు ఎవరూ లేనిచోట తింటున్నాడేమో చూసేవాడు ఒకడుండాలి.

చివరగా ఒక్క మాట. ఆ ఆటో నడిపే తమ్ముని కొడుకు మా బడిలోనే పదో తరగతి ముగించి, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన నెల తండ్రి మా ఇంటికి వచ్చాడు. పాత సంగతి ఎత్తలేదు. చాయ్ తాగి, "మాస్టర్ సాబ్, సిటీలో వీణ్ణి ఎక్కడ ఉంచాలె?" అని మాత్రం అడిగాడు. జూన్ లోగా చెబుతామన్నాము. ఆ జవాబు మేము ఒక్కరం ఇవ్వగలిగింది కాదు, మీరంతా కలిసి ఇవ్వవలసింది.